దేవుని చిత్తం అని చెప్పి పిల్లల నోరు మూయకండి

(కృష్ణా జిల్లాలోని ఒక క్రైస్తవ సంఘంలో కుటుంబ కూటం నాడు ఒక హైస్కూలు లెక్కల మాస్టారు మాట్లాడింది. రికార్డింగ్ విని రాసినది, మాటతీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లను ముందుకు రమ్మంటే రారని నాకు తెలుసు, క్లాసులో చూస్తూనే ఉన్నాను కదా, లాస్ట్ బెంచీకి వయసుతో పని లేదు. (నవ్వులు)

పాస్టరు అయ్యగారు ఫోన్ చేసి, శ్రమల కాలంలో, అంటే కష్టాలు వచ్చినప్పుడు, పిల్లలను విశ్వాసంలో ఎలా పెంచాలి అనే విషయం మీద మాట్లాడాలి మాస్టారూ అన్నారు. అయ్యగారూ, నేను పాస్టరును కాను, పైగా ఈ సబ్జెక్టులో ఒకసారి ఫెయిలైనవాణ్ణి అన్నాను. అందుకే పిలుస్తున్నాను అన్నారాయన. కాబట్టి ముందు నేను ఫెయిలైన సంగతే చెప్తాను. వాక్యం తర్వాత వస్తుంది, కంగారు పడకండి.

2021 మే నెల, కరోనా రెండో వేవ్, మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఈ గదిలో ఆ నెలలో ఎవరో ఒకరిని పోగొట్టుకోని ఇల్లు తక్కువే. మా తమ్ముడికి అప్పుడు 41 ఏళ్లు. బెడ్ దొరకడానికి ఒక రోజు పట్టింది, దొరికాక ఆక్సిజన్ కోసం ఇంకో పరుగు. సంఘం వాట్సాప్ గ్రూపులో చైన్ ప్రేయర్ పెట్టారు, గంటకో కుటుంబం. మాకు రాత్రి పది నుంచి పదకొండు. నేను, మా ఆవిడ, ఇంటర్‌లో చేరబోతున్న మా పెద్దోడు, నాలుగో తరగతి పూర్తయిన మా అమ్మాయి, నలుగురం హాల్లో చాప వేసుకుని మోకాళ్ల మీద ఉండేవాళ్లం. మా అమ్మాయికి బాబాయ్ అంటే ప్రాణం. వాడొస్తే బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని సెంటర్ దాకా తిప్పి తెచ్చేవాడు, బందరు లడ్డూ పొట్లం దాని చేతికే ఇచ్చేవాడు, మాకు దాని దగ్గర అడుక్కోవాల్సిన పరిస్థితి.

పదకొండో రోజు పోయాడు. ఇంటికి తీసుకురాలేదు. దూరం నుంచి చూశాం.

మూడో రోజో నాలుగో రోజో మా అమ్మాయి నా పక్కన కూర్చుని, "డాడీ, మనం ప్రార్థన చేశాం కదా?" అంది. అంతే అడిగింది. నేనేమన్నానో చెప్పనా? "దేవుని చిత్తం తల్లీ. ఆయనకు అన్నీ తెలుసు. మనం ప్రశ్నించకూడదు" అన్నాను. అది "సరే డాడీ" అని లేచి వెళ్లిపోయింది. నిజం చెప్తున్నాను, పిల్ల ఎంత బుద్ధిగా అర్థం చేసుకుంది అని ఆ రోజు నాకు ముచ్చటేసింది. క్లాసులో పిల్లలు "అర్థమైంది సార్" అన్నప్పుడల్లా అనుమానపడేవాణ్ణి, ఇంట్లో మాత్రం నమ్మేశాను చూడండి.

ఆ తర్వాత కుటుంబ ప్రార్థనలో చిన్న మార్పు వచ్చింది, నేను పట్టించుకోలేదు. అంతకుముందు దాని ప్రార్థన చాలా పెద్దది. పక్కింటి పిల్లి కాలు విరిగితే దానికీ ప్రార్థన, క్లాసులో కొట్టిన అబ్బాయి మారాలని ప్రార్థన, డాడీకి కోపం తగ్గాలని ప్రార్థన. ఇప్పుడు దాని వంతు వస్తే గబగబా కంఠతా వచ్చిన పరలోక ప్రార్థన చెప్పి ఆమెన్ అనేది. పెద్దదవుతోంది కదా, సిగ్గు పడుతోంది అనుకున్నాం. ఏడాదిన్నర అలాగే గడిచిపోయింది.

2022 డిసెంబరు మొదటి వారం. పిట్టగోడ మీద క్రిస్మస్ నక్షత్రం కడుతున్నాను. నేను స్టూలు మీద, అది కింద నిలబడి వైరు పట్టుకుని ఉంది. బల్బు పెట్టి వెలుగుతోందా అని చూస్తుంటే కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి. ఆ చీకట్లో, మొహం కనపడదు కదా అనే ధైర్యమో ఏమో, "డాడీ, ప్రార్థనలో నిద్రపోతే పాపమా?" అంది. ఎందుకమ్మా అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "బాబాయ్ కోసం ప్రార్థన చేస్తున్నప్పుడు ఆఖరి రోజు నేను నిద్రపోయాను. చాప మీదే. మీరెవరూ చూడలేదు" అంది.

ఏడాదిన్నర అండి. తొమ్మిదేళ్ల పిల్ల, తన బాబాయ్ తన వల్లే చచ్చిపోయాడని మనసులో పెట్టుకుని ఏడాదిన్నర తిరిగింది. మా ఇంట్లోనే, నా పక్కనే, రోజూ సాయంత్రం ప్రార్థన జరిగే ఇంట్లోనే. ఎందుకు చెప్పలేదు? ప్రశ్నించకూడదని నేనే చెప్పాను కదా.

(కాసేపు మౌనం)

స్టూలు దిగి పక్కన కూర్చున్నాను. నాకు ఆ రాత్రి ఏమీ తోచలేదు, దాని చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప. మర్నాడు పొద్దున్న మత్తయి సువార్త 26వ అధ్యాయం తీసి ఇద్దరం చదివాం. గెత్సేమనే తోట. యేసుప్రభువును పట్టుకున్న రాత్రి, మేలుకుని ఉండండి అని శిష్యులకు చెప్పి ఆయన ప్రార్థన చేసిన చోటు. పేతురు నిద్రపోయాడు, యాకోబు నిద్రపోయాడు, యోహాను నిద్రపోయాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రభువు ఏమన్నాడు? "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము." దాన్ని అడిగాను, మరి పేతురు నిద్రపోయినందుకేనా యేసుప్రభువును సిలువ వేశారు? ఆలోచించి, "కాదు, వాళ్లు మేలుకుని ఉన్నా వేసేవాళ్లే" అంది. అని వెంటనే, "మరి బాబాయ్ ఎందుకు చనిపోయాడు?" అంది. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి నేను, "నాకు తెలియదమ్మా. నేను కూడా దేవుణ్ణి అదే అడుగుతున్నాను" అన్నాను. అప్పుడు ఏడ్చింది. మా తమ్ముడు పోయినప్పటి నుంచి ఆ పిల్ల ఏడవలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నేను ఇక్కడ దేవుని చిత్తం అనే మాటను తప్పు పట్టడం లేదు. అది చాలా పెద్ద మాట. గెత్సేమనేలో ప్రభువే అన్నాడు, నీ చిత్తప్రకారమే కానిమ్ము అని. కానీ ఆయన ఎప్పుడన్నాడో చూడండి. "ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్ము" అని అడిగాక అన్నాడు. చెమట కారేదాకా పెనుగులాడి ఆ మాట దగ్గరికి చేరుకున్నాడు. మనం పిల్లల్ని ఆ పెనుగులాట లేకుండా సరాసరి చివరి లైనుకు తీసుకెళ్తున్నాం. లెక్కల్లో స్టెప్పులు వేయకుండా ఆన్సర్ రాసినట్టు. నేనైతే మార్కులు వేయను.

పైగా ఆ మాట ఎదుటివాళ్ల శ్రమ గురించి చాలా తేలిగ్గా వస్తుంది మన నోటికి. బైబిల్లో పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితుల్ని చూడండి, వాళ్లను మనం తిడతాం గానీ ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకు వాళ్లంత మంచివాళ్లు లేరు. నోరు తెరిచి, నీ పాపం వల్లే ఇదంతా అన్నాకే పాడైంది. యోహాను తొమ్మిదో అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలు చేశారా అని అడిగారు. వాళ్లు పెద్దలు కాబట్టి పైకి అడిగారు, ప్రభువు వీడైనా వీని కన్నవారైనా పాపం చేయలేదని తేల్చి చెప్పాడు. పిల్లలు పైకి అడగరు. లోపలే లెక్క వేసుకుంటారు, వేసుకుని దోషం తమ మీదే రాసుకుంటారు. అమ్మానాన్నలు పోట్లాడుకుంటే నా వల్లే, ఉద్యోగం పోతే నా ఫీజు వల్లే. ఇది నేను స్కూల్లో కూడా చూస్తున్నాను, క్రైస్తవ పిల్లలే కాదు, అందరు పిల్లలూ అంతే. మన పిల్లల దగ్గర ఆ లెక్కలోకి దేవుడు కూడా వస్తాడు, అదొక్కటే తేడా.

ఇప్పుడు మా నాయనమ్మ గురించి చెప్పాలి. మాది నాగాయలంక పక్క ఊరు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. నాకు మూడేళ్లు, ఏమీ గుర్తు లేదు, అంతా విన్నదే. 10,000 మందికి పైగా పోయారు ఆ రాత్రి. తాటిచెట్టుకు కట్టుకున్నవాళ్లు బతికారు, చెట్టు చేతికి అందనివాళ్లు పోయారు. మా ఇంట్లో మా మేనత్త, ఆమె ఇద్దరు పిల్లలు, మా తాతయ్య. మర్నాడు ఆదివారం. గుడి లేదు, గంట లేదు, ప్రార్థన చేయాల్సిన ఉపదేశి కూడా లేడు.

మా నాయనమ్మకు చదువు రాదు. కానీ ప్రతి ఏడాదీ నవంబరు 19న సాయంత్రం మమ్మల్నందరినీ అరుగు మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసేది, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పేది. పేరు చెప్పి, "వాణ్ణి ఎందుకు తీసుకున్నావయ్యా, వాడికి ఏడాది కూడా నిండలేదు" అని అడిగేది. తర్వాత ఇంకో పేరు. గట్టిగా అడిగేది, పక్కింటివాళ్లతో గట్టు తగాదా ఆడినట్టు. చిన్నప్పుడు నాకు భయమేసేది, దేవుడికి కోపం వస్తుందేమోనని. అన్ని పేర్లూ అయ్యాక కొంగుతో కళ్లు తుడుచుకుని, "సరే, రేపు పొద్దున్న మళ్లీ వస్తాను" అని ఆమెన్ అనేది. దేవుడితోనే అండి, రేపు పొద్దున్న మళ్లీ వస్తానని! చనిపోయేదాకా అలాగే చేసింది. ఆమె ఒక్కసారి కూడా దేవుని చిత్తం అనగా నేను వినలేదు. కానీ ఆయనతో మాట్లాడటం ఒక్కరోజు మానగా కూడా చూడలేదు.

పిల్లలకు విశ్వాసం అంటే ఏంటి అని ఎవరైనా అడిగితే నేను ఆ అరుగే చూపిస్తాను. అంత మంచి సండే స్కూల్లో పెరిగి, నా కూతురి దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నించకూడదు అన్నాను. ఎక్కడ నేర్చుకున్నానో నాకే తెలియదు. బహుశా నాలుగు మీటింగులు ఎక్కువ విన్నాను. (నవ్వులు)

మా నాయనమ్మ చేసింది వాక్యంలో లేదంటారా? కీర్తనలు 150 ఉన్నాయి, వాటిలో దాదాపు మూడో వంతు మొరలే, విలాపాలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. మన పిల్లలకు 23, 91, 121 కంఠతా పట్టిస్తాం. మంచిదే. 88వ కీర్తన ఎవరికైనా కంఠతా వచ్చా? చెయ్యి ఎత్తండి. లేరు. నాకూ రాదు. దాని ఆఖరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను." అంతే, అక్కడితో అయిపోతుంది. చివర్లో స్తోత్రం లేదు, హల్లెలూయ లేదు. అలాంటి కీర్తనను కూడా ఆ గ్రంథంలో నుంచి తీసేయలేదు కదా. మన కుటుంబ ప్రార్థనలో నుంచి మాత్రం తీసేశాం.

ఇంకో విషయం, సాక్ష్యాలు. ఇది సంఘంగా మనం చేసే తప్పు, ఎవరూ ఏమీ అనుకోకండి. సాక్ష్యం చెప్పమంటే ఎవరు లేస్తారు? రోగం తగ్గినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, సీటు వచ్చినవాళ్లు. వాళ్లు చెప్పాలి, తప్పు లేదు, పదిమంది కుష్ఠురోగులు బాగైతే తొమ్మిదిమంది కృతజ్ఞత చెప్పకుండా వెళ్లిపోయారని ప్రభువే బాధపడ్డాడు. కానీ తగ్గనివాళ్లు ఎప్పుడైనా లేచారా? వీసా రిజెక్ట్ అయినా ఇంకా ప్రార్థిస్తున్నానని చెప్పినవాణ్ణి చూశారా? మూడో వరుసలో కూర్చున్న పిల్లాడు పదేళ్లు ఇవే వింటాడు. వినీ వినీ వాడికి అర్థమయ్యేది ఏంటంటే, ప్రార్థన చేస్తే వస్తుంది, రాలేదంటే మనం సరిగ్గా చేయలేదు, లేదా అక్కడ ఎవరూ లేరు. ఈ రెండింట్లో మొదటిది మా అమ్మాయి ఎంచుకుంది. రెండోది మా పెద్దోడు ఎంచుకున్నాడు. వాడి సంగతి తర్వాత చెప్తాను.

డిసెంబరు 31 రాత్రి, కొత్త ఏడాదికి ఒక్కో వాక్యం రాసి ఉండే వాగ్దాన కార్డులు తీస్తాం కదా. 2021 జనవరిలో మా ఇంట్లో వచ్చిన కార్డు, నీకు ఏ అపాయమూ రాదు అనేది, 91వ కీర్తన. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాం. తమ్ముడు పోయిన తర్వాత కూడా అది అక్కడే ఉంది. తీస్తే అవిశ్వాసం, ఉంచితే గుండెల్లో గుచ్చుకుంటోంది. నలుగురం రోజూ నీళ్ల సీసా కోసం ఆ తలుపు తీస్తున్నాం, ఒక్కరూ ఆ కార్డు గురించి మాట్లాడలేదు. ఏడాది చివరిదాకా! అదే మా నాయనమ్మ అయితే ఆ కార్డు చేత్తో పట్టుకుని, ఇదేంటయ్యా, ఇలా రాసి అలా చేశావేంటి అని అడిగి ఉండేది, పిల్లల ముందే.

శ్రమ అంటే రోగాలూ చావులే కాదు. మా పెద్దోడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో వాడు క్రిస్మస్ ఫోటో పెడితే కింద ఎవడో రైస్ బ్యాగ్ అని కామెంట్ పెట్టాడు. బియ్యం మూట కోసం మతం మారినోళ్లు అని. వాడికి కోపం వచ్చింది, సిగ్గు కూడా వేసింది, ఫోన్ చేసి, "డాడీ, నిజంగానే మన తాతలు అందుకే మారారా?" అన్నాడు. అలాంటివి పట్టించుకోకు, వాళ్ల కోసం ప్రార్థించు అని ఫోన్ పెట్టేయొచ్చు. నక్షత్రం దెబ్బ తగిలి ఉన్నాను కాబట్టి ఈసారి పెట్టేయలేదు. గంటసేపు మాట్లాడాను.

మా ఆవిడ వాళ్లది ఒంగోలు పక్క. ఆ కథ వాళ్లింట్లో అందరికీ తెలుసు, మా పిల్లలకే చెప్పలేదు. 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు, మన పెద్దలు ధాత కరువు అనేవాళ్లు. ఒంగోల్లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దొర ఉండేవాడు. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం ఆయన కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు అక్కడ కూలి పని ఇప్పించాడు. వేలమంది తవ్వారు. తవ్వుతూ, సాయంత్రం వాక్యం వింటూ, మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. కరువు పని నడుస్తున్నంత కాలం ఒక్కరికీ ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని, తిండి కోసం ఎవరూ రాకూడదని. పని ఆగిపోయింది, కూలీ ఆగిపోయింది. అప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని.

ఇదంతా చెప్పి మావాడితో, ఒరేయ్, అందరూ అలాగే వచ్చారని నేను చెప్పలేను, కొందరు ఆకలితో కూడా వచ్చి ఉంటారు, ఆకలిగా ఉన్నవాడు దేవుడి దగ్గరికి రావడం సిగ్గుపడాల్సిన పని కాదు, ప్రభువు కూడా ఐదువేల మందికి ముందు అన్నం పెట్టి తర్వాతే తత్వం మాట్లాడాడు అన్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది ముందే ఎందుకు చెప్పలేదు డాడీ" అన్నాడు. నిజమే. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల వంశావళి చెప్తాం, మన ముత్తాత ఏ ఏటిలో దిగాడో చెప్పం.

ఇంకొకటి ఉంది, ఇది మైకులో మాట్లాడటానికి ఇబ్బందిగానే ఉంటుంది. కుల సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో ఇచ్చారు, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు బీసీ-సి ఉంది, దానికి ఒక శాతం రిజర్వేషన్. పేరు మారింది గానీ మన పేట మారలేదు, ఊరివాళ్ల చూపు మారలేదు. అందుకని చాలా ఇళ్లలో స్కూలుకో పేరు, గుడికో పేరు. ఏది న్యాయం ఏది కాదు అని ఇప్పుడు నేను తీర్పు చెప్పను, నాకు ఆ అర్హత లేదు, ఎవరింటి బాధ వాళ్లది. ఒక్కటే అంటాను. పిల్ల పదో తరగతి ఫారం నింపుతూ, "అబద్ధం ఆడకూడదని మీరే చెప్తారు కదా" అని అడిగితే, నోర్ముయ్ నీకు తెలియదు అనకండి. కూర్చోబెట్టి ఆ ఉత్తర్వేంటో, అందులో అన్యాయం ఏంటో, మన ఇంట్లో ఏం నిర్ణయించుకున్నామో, అది మన మనస్సాక్షిని ఎక్కడ పొడుస్తోందో చెప్పండి. పొడుస్తోందని కూడా చెప్పండి. నాన్నకు అన్నీ తెలిసి నాన్న ఏ తప్పూ చేయడు అనే విశ్వాసం దేవుడి మీద విశ్వాసం కాదు, పద్దెనిమిదేళ్లకు అది ఎలాగూ పోతుంది, పోతూ పోతూ రెండోదాన్ని కూడా పట్టుకుపోతుంది.

ఫోన్ల గురించి మాట్లాడమని స్త్రీల సమాజంవాళ్లు చీటీ పంపారు. రెండు ముక్కలే చెప్తాను. పొద్దున్నే లేచి వాక్యం స్టేటస్ పెట్టి, అది ఎంతమంది చూశారో గంటకోసారి చూసుకునేవాళ్లం మనం. పిల్లలకు చెప్పే నైతిక హక్కు మనకు కొంచెం తక్కువే. (నవ్వులు) ఫోన్ మంచికి పనికొచ్చింది ఒకటి చూశాను, అది చెప్తాను.

నేను రాజోలు పక్క ఒక హైస్కూల్లో ఆరేళ్లు పనిచేశాను. అక్కడ ప్రతి క్లాసులోనూ అమ్మ కువైట్‌లో ఉన్న పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి, అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. వాళ్లమ్మ అక్కడ ఒక ఇంట్లో వంటపని. రాత్రి పని అయ్యాక వాయిస్ మెసేజ్ పంపేది. ఒకసారి ఆ పిల్ల నాకు వినిపించింది. నలభై సెకన్లు ఉంటుందేమో. వెనకాల గిన్నెలు తోముతున్న చప్పుడు, నీళ్లు కారుతున్న చప్పుడు. "ప్రభువా, ఈ రోజు నాకు చాలా విసుగొచ్చింది, పిల్ల గుర్తొచ్చి అన్నం తినలేదు, రేపు దానికి పరీక్ష, దాన్ని చూసుకో, నన్ను కూడా చూసుకో, ఆమెన్. లేచి గుడ్డు తిని వెళ్లమ్మా." అంతే. ప్రార్థన ఎక్కడ ఆగిందో, కూతురితో మాట ఎక్కడ మొదలైందో తెలియదు. ఆ పిల్ల దగ్గర అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి, ఒక్కటి కూడా డిలీట్ చేయలేదు, ఫోన్ మెమరీ నిండిపోతే పాటలు తీసేసింది గానీ అవి తీయలేదు.

"నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును" అని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంది కదా, అంట్లు తోమేటప్పుడును అని ఆవిడ ఇంకొకటి కలిపింది. తనకు విసుగొచ్చిందని ఆవిడ దాచలేదు చూడండి. మనమైతే, నేను ఇక్కడ చాలా బాగున్నాను, నువ్వు బాగా చదువుకో అని పంపుతాం. మావాడు ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇచ్చేవాళ్లు. ఆ పది నిమిషాల్లో నేను ఎనిమిది నిమిషాలు వీకెండ్ టెస్టు మార్కులు అడిగాను, ఆఖర్న ప్రార్థన చేసుకుంటున్నావా అని అడిగాను, అది కూడా మార్కులు అడిగినట్టే. ఆ చిన్నాన్న పోయిన ఏడాదే అది. వాడు ఎలా ఉన్నాడని నేను ఒక్కసారి అడగలేదు.

లాక్‌డౌన్‌లో 2020 ఏప్రిల్ 12 ఈస్టర్ గుర్తుందా? మందిరాలు మూసేశారు. ప్రతి ఏడాదీ తెల్లారకముందే సమాధుల తోటకు వెళ్లేవాళ్లం, ఆ ఏడాది అదీ లేదు. ఇంట్లో ఆరాధన మీరే నడిపించుకోండి అని అయ్యగారు మెసేజ్ పెట్టారు. సంఘ పెద్దని నేను, మైకిస్తే అరగంట మాట్లాడతాను, నా భార్యాపిల్లల ముందు కూర్చుని నోట మాట రాలేదు. ఎందుకంటే వాళ్లకు నేను తెలుసు. ముందురోజు రాత్రి ఉల్లిపాయల విషయంలో ఆవిడ మీద ఎగిరానని వాళ్లకు తెలుసు. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని పౌలు గారు రాసింది నాలాంటివాళ్ల కోసమే. ఆ రోజు ఆవిడకు సారీ చెప్పి మొదలుపెట్టి ఉంటే బాగుండేది. చెప్పలేదు. యూట్యూబ్ పెట్టేశాను.

సరే, టైమ్ అయిపోయిందని అయ్యగారు వాచీ చూపిస్తున్నారు. ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: మాస్టారూ, మా అబ్బాయి ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి మందిరానికి రావడం మానేశాడండి. పండక్కి వచ్చినా గదిలోనే ఉంటాడు. బాలుడు నడవవలసిన త్రోవను నేర్పితే పెద్దవాడైనా తొలగిపోడు అని ఉంది కదా. మరి మేం సరిగ్గా నేర్పలేదా అండి?)

అమ్మా, కూర్చోండి. మీరు అడిగిన ప్రశ్నలోనే మా అమ్మాయి ప్రశ్న ఉంది. నేను నిద్రపోయినందుకేనా అని. సామెతల గ్రంథం జ్ఞానం చెప్పే పుస్తకమమ్మా, గ్యారంటీ కార్డు కాదు. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి ఏం తప్పు నేర్పాడు? ఇద్దరు కొడుకులూ ఒకే ఇంట్లో పెరిగారు. ఒకడు దూరదేశం పోయాడు, ఇంకొకడు ఇంట్లోనే ఉండి మొహం మాడ్చుకున్నాడు.

మా పెద్దోడు కూడా ఇప్పుడు గుడికి వెళ్లడం లేదు. చెప్తానన్నాను కదా, అది ఇదే. రైస్ బ్యాగ్ అన్నందుకు కోపం తెచ్చుకున్నాడు గానీ వాడు వెళ్లడం లేదు. నమ్మకం లేదు డాడీ అని మొహం మీదే చెప్పాడు. చిన్నాన్న దగ్గరే ఆగిపోయాను అన్నాడు. మా ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు. నేను ముందు అరిచాను, అబద్ధం ఎందుకు చెప్పాలి, బాగానే అరిచాను. తర్వాత నాకు తట్టింది, వాడు గదిలో దాక్కోకుండా మొహం మీద చెప్పాడు కదా అని. మీవాడు గదిలో ఉంటున్నాడంటే మీతో చెప్పాల్సిందేదో వాడి దగ్గర ఉండి ఉండొచ్చు. మందిరానికి రా అనకుండా ఈ సంక్రాంతికి వాడికి ఇష్టమైన కూర చేసి, ఏరా, నీకు దేవుడి మీద కోపంగా ఉందా అని అడిగి చూడండి. కోపంగా ఉందని వాడు అంటే భయపడకండి. వాదించకండి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న ఒక రోగి పిల్లాడి తండ్రిని ప్రభువు వెళ్లగొట్టలేదు, సగం నమ్మకంతోనే వచ్చాడు పాపం ఆయన.

(అదే తల్లి: అడిగితే ఇంకా దూరం పోతాడేమోనని భయమండి.)

నాకూ అదే భయమమ్మా. మొన్న నవంబరు 19న మావాడు హైదరాబాద్‌లోనే ఉన్నాడు. మా ఇంట్లో ఇప్పుడు ఆ రోజు మళ్లీ మొదలుపెట్టాం, అరుగు లేదు, హాల్లోనే. మా అమ్మాయి పేర్లు చెప్తుంది, తొమ్మిదో తరగతి ఇప్పుడు, తాను చూడని మేనత్త దగ్గర్నుంచి మొదలుపెట్టి ఆఖర్న బాబాయ్ పేరు చెప్తుంది. ఈసారి స్పీకర్‌లో వాళ్లన్నకు ఫోన్ కలిపి పెట్టింది. నేను ప్రార్థన చేయను, ఊరికే వింటాను అని ముందే చెప్పాడట. సరే విను అన్నాం. ఇది పేర్లన్నీ చెప్పింది, బాబాయ్ పేరు దగ్గర ఎందుకయ్యా అని అడిగింది. అటు వైపు నుంచి ఏమీ వినపడలేదు, బస్సుల శబ్దం తప్ప. ఆమెన్ కూడా అనలేదు వాడు. కానీ ఫోన్ పెట్టేయలేదమ్మా. మేం భోజనాలకు లేచేదాకా లైన్లోనే ఉన్నాడు.

భోజనాలంటే గుర్తొచ్చింది, అక్కడ అన్నం చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. వెనక ఫ్యాన్ కింద వాళ్లు ముందు వెళ్లండి, తలుపు మీకే దగ్గర.